‘నువ్వు’ అన్నందుకు

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లకు ఆ మధ్య ఖమ్మంలో శిక్షణ తరగతులు పెట్టారు. విద్యార్థులు టీచర్లకు మెసేజులు, మెయిళ్ళు పెట్టేటప్పుడు మర్యాద పాటించడం లేదనీ, దాని మీద ఓ అరగంట మాట్లాడమనీ నన్ను పిలిచారు. రిటైరైన తెలుగు లెక్చరర్ని కాబట్టి మర్యాద గురించి చెప్పడానికి సరిగ్గా సరిపోతానని అనుకున్నట్టున్నారు. నాకంటే ముందు మాట్లాడిన అమ్మాయి తన ఫోన్ తీసి, “మేడం నోట్స్ పెట్టు” అని ఎవరో విద్యార్థి పంపిన మెసేజ్ చదివి వినిపించింది. హాలంతా పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా వంతు వచ్చాక, ఎప్పుడో ఒక పిల్ల రాసిన మెయిల్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా టైం అయిపోయిందని చీటీ అందించారు. భోజనాల వేళయింది మరి. అక్కడ ఆగిపోయిన మాట ఇక్కడ పూర్తి చేస్తున్నాను. ఆ హాల్లో నవ్విన వాళ్ళు చదివితే మంచిదే.

రెండు వేల దశకం చివరి రోజులు. భద్రాచలం దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద ఒక మండల కేంద్రంలో డిగ్రీ కాలేజీ. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. ఆ పేర్లతో ఇప్పుడు పని లేదు. మా ఇల్లు ఖమ్మంలో. వారమంతా కాలేజీ దగ్గర కిరాయి గదిలో ఉండి, శనివారం బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని. మా విద్యార్థుల్లో ఎక్కువమంది చుట్టుపక్కల గూడేల పిల్లలు. ఇంట్లో కోయ మాట్లాడతారు, బయట తెలుగు మాట్లాడతారు, పరీక్షలో ఈ రెండూ కాని ఇంకేదో భాష రాయాలని మేం వాళ్ళను సతాయించేవాళ్ళం.

ఆ ఏడాదే కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. సత్తుపల్లి అవతలి మనిషి. ఆయన గురించి చెడ్డగా రాయడం తేలిక, కానీ ఉన్నది చెప్పాలి. తొమ్మిది కాకముందే కాలేజీలో ఉండేవాడు. మూలన దుమ్ము పట్టి ఉన్న కంప్యూటర్లను బాగు చేయించాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి ఇంటర్నెట్ లైను వేయించాడు. వాన పడితే అది పోయేది, అది వేరే సంగతి. అడవిలో పిల్లలకు మెయిల్ పెట్టడం నేర్పిన కాలేజీ మనదేనని ఆయనకు గొప్ప సంతోషం. ప్రతి విద్యార్థికీ ఒక మెయిల్ ఐడీ చేయించాడు. ఆ తర్వాత ఒక రూలు పెట్టాడు. ఏ విద్యార్థీ తన గదిలోకి నేరుగా రాకూడదు, ఏం కావాలన్నా మెయిల్ పెట్టాలి, ఆయన చూసి జవాబిస్తాడు.

“గది ముందు గుంపులుగా నిలబడి గొణగడం కాదండీ. రాయడం రావాలి. రాస్తే రికార్డు ఉంటుంది,” అనేవాడు.

మాకూ బాగానే ఉందనిపించింది. పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపేవాళ్ళు. స్కాలర్‌షిప్పు రాలేదని, బస్ పాసు మీద స్టాంపు కావాలని, అలాంటివే.

అప్పుడు ఫైనలియర్‌లో ఒక అమ్మాయి ఉండేది. చర్ల అవతల, అడవి అంచున ఉన్న గూడెం వాళ్ళది. ఆ ఊరి నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. గట్టిగా మాట్లాడేది. క్లాసులో ఏదైనా అర్థం కాకపోతే “మేడం, గదేందో మల్లొక్కసారి చెప్పు” అనేది. నేను మళ్ళీ చెప్పేదాన్ని. మధ్యాహ్నం వరండాలో ఎదురైతే “తిన్నవా మేడం?” అని అడిగేది. ఆ మాట వినగానే తిన్నా తినకపోయినా కడుపు నిండినట్టుండేది. ఇంట్లో పెద్దమ్మాయి ఎలా ఉంటుందో హాస్టల్లో ఆ పిల్ల అలా ఉండేది. చిన్నవాళ్ళకు ఒంట్లో బాగాలేకపోతే చూసేది, వంటమనిషితో కొట్లాడి గంజి కాయించేది. తన వెనకాలే వాళ్ళ ఊరి నుంచి ఇంకొంతమంది ఆడపిల్లలు వచ్చి చేరారు. వాళ్ళలో ఒకతి ఫస్టియర్ పిల్ల. బక్కగా ఉండేది, మాట వినపడనంత మెల్లగా మాట్లాడేది. నా క్లాసులో చివరి బెంచీలో కూర్చునేది. పద్యం చదవమంటే లేచి నిలబడి పైట కొంగు నోట్లో కుక్కుకునేది.

హాస్టల్ కాలేజీకి కాస్త దూరంలో, ఊరి చివర ఉండేది. వార్డెన్ భద్రాచలంలో కాపురం ఉండి, బుద్ధి పుట్టినప్పుడు వచ్చి రిజిస్టర్ల మీద సంతకాలు పెట్టి పోయేవాడు. వార్డెన్ రాసిచ్చిన చీటీ లేకుండా ఆడపిల్లలు ఊరు దాటి పోకూడదు. ఆయన లేనప్పుడు ప్రిన్సిపాల్ ఇవ్వొచ్చు. ఆ రూలు పిల్లల మంచికే పెట్టారు. మంచి రూలే. కాదనను.

శ్రావణంలో ముసురు పట్టింది. మా వైపు ముసురంటే జ్వరాలే. నేను మా అత్తగారికి కంటి ఆపరేషనుంటే సెలవు పెట్టి ఖమ్మంలో ఉన్నాను. ఆ సోమవారం హాస్టల్లో నలుగురైదుగురు పిల్లలు మంచం పట్టారు. ఫస్టియర్ పిల్లకు చలి, జ్వరం, వాంతులు. ఫైనలియర్ అమ్మాయి ఆ పిల్లను ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టర్ దగ్గరికి నడిపించుకుపోయింది. ఆయన సూది వేసి, తగ్గకపోతే భద్రాచలం పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మన్నాడు. వార్డెన్ ఫోను ఎత్తలేదు. అప్పుడా అమ్మాయి ల్యాబ్‌కు వచ్చి ప్రిన్సిపాల్‌కు మెయిల్ పెట్టింది.

ఆ మెయిల్ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. “సార్, నువ్వు ఒకసారి హాస్టల్‌కు రా. పిల్లలకు జరాలు. వార్డెన్ వస్తలేడు. ఒకతికి బాగ ఎక్కువుంది. చీటీ రాసిస్తే భద్రాచలం తోల్కపోత. నువ్వొచ్చి చూస్తే తెలుస్తది. జల్దీ రా.”

అంతే.

ప్రిన్సిపాల్ ఆ మెయిల్‌ను ఆ సాయంత్రమే చదివాడు. ఈ మాట ఆయనే తర్వాత నాతో అన్నాడు. చదివి, ప్రింటు తీయించి, క్రమశిక్షణ కమిటీ వేశాడు.

మంగళవారం గడిచింది. ఆ అమ్మాయి కాలేజీకి వచ్చి ఎకనామిక్స్ సారును అడిగింది. ఆయన మా అందరిలోకి సీనియరు. “మెయిల్ పెట్టినవ్ గదా, జవాబొచ్చేదాక ఆగు” అన్నాడట. బుధవారం మళ్ళీ సూది వేయించింది. ఆ మూడు రోజులూ భద్రాచలం బస్సులు మామూలుగానే తిరిగాయి. పర్ణశాలకు పోయే యాత్రికుల వ్యాన్లు కూడా తిరిగాయి. నేను బుధవారం చీకటి పడే వేళకు ఆ దారినే బస్సులో వచ్చాను. మధ్యలో వాగు నీళ్ళు బాగా పైకొచ్చినా ఇంకా కల్వర్టు కిందనుంచే పోతున్నాయి.

ఆ రాత్రంతా కుండపోత. పొద్దున కాలేజీకి వెళ్ళేసరికి నా టేబుల్ మీద మీటింగ్ కాగితం ఉంది. విషయం: ప్రిన్సిపాల్ గారి పట్ల అమర్యాదకరమైన సందేశం. నేను కమిటీలో సభ్యురాలిని. ఎందుకు వేశారో లోపలికి పోయాక అర్థమైంది.

ప్రిన్సిపాల్, ఎకనామిక్స్ సారు, కంప్యూటర్ ల్యాబ్ చూసే కుర్ర లెక్చరర్, నేను. ఆ కుర్రాడు కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఎవరేం మాట్లాడినా బల్ల వైపే చూసేవాడు. మాకు టీలు వచ్చాయి. ప్రిన్సిపాల్ ప్రింటు కాగితాన్ని నా ముందుకు జరిపాడు.

“తెలుగు మేడం ఉన్నారు కాబట్టి ముందు ఆవిడ అభిప్రాయం తీసుకుందాం. మేడం, ఇందులో వాడింది ఏకవచనమేనా? ఏమైనా సందేహం ఉందా?”

నేను చదివాను. “ఏకవచనమే సార్. ఈ జ్వరాల సంగతి ఏమైంది?”

“అది వార్డెన్ చూసుకుంటాడండీ. ఆయనకు కబురు పెట్టించాను. మన ముందున్న ఇష్యూ అది కాదు.”

“వార్డెన్ వస్తలేడని ఇందులోనే ఉంది కదా సార్.”

“మేడం, ఒక్కొక్కటీ చూద్దాం.”

ఎకనామిక్స్ సారు కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. “నువ్వు అన్నదంటే ఏదో తెలవక అన్నదనుకుందాం సార్. కానీ ఈ ‘రా’ ఉంది చూడున్రి. ఒకసారి గాదు, రెండుసార్లు. ‘జల్దీ రా’ అంట. ఇది ఆర్డరేసినట్టున్నది.”

“నాకూ అదే బాధగా ఉందండీ,” అన్నాడు ప్రిన్సిపాల్. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. “మా నాన్న కూలీ. నేను మాస్టారి ముందు చెప్పులేసుకుని నిలబడలేదు. ‘అయ్యా’ అనకుండా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వినయం వల్లే ఈ కుర్చీలో ఉన్నాను. ఈ పిల్లలకు అది నేర్పకపోతే రేపు బయట ఎవరు ఉద్యోగం ఇస్తారు? వీళ్ళ బాగు కోసమే కదా నేను చెప్పేది.”

ఆ మాట అబద్ధం కాదు. ఆయన నమ్మే మాటే. అందుకే దాన్ని ఎదుర్కోవడం కష్టమైంది.

“సార్, ముందు ఆ పిల్లను పిలిచి జ్వరం ఎలా ఉందో అడుగుదాం,” అన్నాను.

పిలిచారు. ఆ అమ్మాయి తడిసిపోయి వచ్చింది. చున్నీ నెత్తి మీద నుంచి తీసి పిండుకుంటూ లోపలికొచ్చి, నన్ను చూడగానే, “మేడం, నువ్వొచ్చినవా!” అంది. ఆ గొంతులో ఎంత ప్రాణం లేచి వచ్చిందో చెప్పలేను. ప్రిన్సిపాల్ మా ఇద్దరి వంకా చూసి తల ఆడించాడు. నేరం ఆయన కళ్ళముందే రుజువైంది.

“ఇది నువ్వే రాశావా?”

“అవ్ సార్. నేనే పెట్టిన. నువ్వు రాకపోతివి.”

“చూశారా!” అన్నాడు ఎకనామిక్స్ సారు.

“ప్రిన్సిపాల్‌ను నువ్వు అనొచ్చా? ఇంట్లో మీ నాన్నను అలాగే అంటావా?” అన్నాడు ప్రిన్సిపాల్.

అందులో తప్పేముందో ఆ పిల్లకు అర్థం కాలేదు. “అవ్ సార్. మా అయ్యను గట్లనే అంట. మా తాతను గూడ. మా ఊళ్ళె అందర్ని గట్లనే అంటం. భద్రాచలం గుళ్ళె రామున్ని గూడ అందరు నువ్వనే మొక్కుతరు గద సార్. మీరు అని ఎవ్వరు మొక్కరు.”

అది ఎదురు తిరిగి అన్న మాట కాదు. అడిగారు కాబట్టి తనకు తెలిసింది చెప్పింది. కంప్యూటర్ కుర్రాడు నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు చేశాడు. ప్రిన్సిపాల్ ముఖం ఎర్రబడింది.

“తెలివితేటలు చూపించకు. తప్పు చేసి మళ్ళీ దేవుణ్ణి తెస్తావా?”

“సార్, దానికి తెలివి లేదు,” అంది ఆ పిల్ల.

“ఎవరికి?”

“మా ఫస్టియర్ పిల్లకు సార్. పొద్దుగాల నుంచి పిలిస్తె పలుకుతలేదు. కండ్లు తెరుస్తది గానీ నన్ను గుర్తుపడతలేదు. ఊకె కోయల ఏందో మాట్లాడుతది. అందుకనే ఉరికొచ్చిన. గిదంత తర్వాత అడుగున్రి సార్. ఒక చీటీ రాసియ్యి.”

నేను లేచాను. కుర్చీ వెనక్కి పడిపోయింది. “చీటీ అవసరం లేదు, నేను వస్తా పద,” అన్నాను. తలుపు దాటుతుంటే ప్రిన్సిపాల్ “మేడం, మీటింగ్ పూర్తి కాలేదు” అనడం వినిపించింది. కానీ ఆయన కూడా భయపడ్డాడు. మా వెనకే వరండా దాకా వచ్చి, “ఆటోను పిలవండయ్యా ఎవరన్నా” అని అరిచాడు. ఆ అరుపు సోమవారం అరిచి ఉంటే ఈ కథ లేదు.

హాస్టల్ గదిలో చాప మీద పడుకోబెట్టారు ఆ పిల్లను. నుదుటి మీద తడిగుడ్డ పెట్టి ఇద్దరు పిల్లలు విసురుతున్నారు. ముట్టుకుంటే చెయ్యి కాలింది. తల పక్కకు వాలిపోయింది. పైట కొంగు నోట్లో కుక్కుకునే పిల్ల, ఇప్పుడు నోరు తెరుచుకుని గట్టిగా, ఆగకుండా ఏదో మాట్లాడుతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

“ఏమంటోంది?” అని అడిగాను.

“వాళ్ళమ్మను పిలుస్తుంది మేడం. నీళ్ళకు పోదాం రమ్మంటుంది.”

ఆటోలో వేసుకుని బయలుదేరాం. ఆ పిల్ల తల నా ఒళ్ళో, కాళ్ళు ఫైనలియర్ అమ్మాయి ఒళ్ళో. ఊరు దాటి కొంచెం దూరం పోయాక ఆటో ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు లేదు. నిన్న సాయంత్రం నేను బస్సులో దాటిన వాగు పొలాలనూ రోడ్డునూ ఏకం చేసి పారుతోంది. ఇవతల రెండు బస్సులు, జీపులు, మనుషులు నిలబడి ఉన్నారు. “నీళ్ళు తగ్గేదాక ఏం చేయలేం మేడం,” అన్నాడు ఆటో అతను. పాపం, అతనే మళ్ళీ ఊళ్ళోకి వెనక్కి ఉరికి ఒక ట్రాక్టర్‌ను బతిమాలి తీసుకొచ్చాడు. ట్రాక్టర్ రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక కూడా డ్రైవరు వాగులో దిగడానికి ఒప్పుకోలేదు. కర్ర పెట్టి లోతు చూశాడు, ఇంకొంచెం ఆగుదామన్నాడు. వానలో, ఒక బస్సు ముందు సీటు మీద ఆ పిల్లను పడుకోబెట్టుకుని కూర్చున్నాం. ఆ పిల్ల మాటలు క్రమంగా తగ్గిపోయాయి.

ఫైనలియర్ అమ్మాయి ఏడవలేదు. బస్సు కిటికీలోంచి వాగును చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం నన్ను అడిగింది. “మేడం, నేను రాసింది సార్‌కు అర్థం కాలేదా?”

“అర్థమైంది,” అన్నాను.

“మరి రాలేదేంది?”

ఏం చెప్పను? ఏకవచనం, బహువచనం అని పాఠం చెప్పనా?

పొద్దు వాలుతుండగా ట్రాక్టర్ ట్రాలీలో వాగు దాటాం. నీళ్ళు ట్రాలీ అంచును కొట్టాయి. అవతల ఒక జీపు దొరికింది. భద్రాచలం దవాఖానాకు చేరేసరికి దీపాలు పెట్టారు. అక్కడి డాక్టరు మంచివాడు, ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. రక్తం చూసి, మలేరియా మెదడుకు ఎక్కిందన్నాడు. “నిన్న తెచ్చినా సరిపోయేది కదమ్మా,” అన్నాడు. మమ్మల్ని తిట్టడానికి కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తెల్లారకముందే ఆ పిల్ల చనిపోయింది.

వరద తగ్గి వాళ్ళ ఊరికి దారి తెరుచుకున్నాక, వాళ్ళమ్మ హాస్టల్‌కు వచ్చింది. పిల్ల పెట్టె తీసుకుపోవడానికి. ఆమెకు తెలుగు అంతగా రాదు. ఫైనలియర్ అమ్మాయి పక్కన కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. ప్రిన్సిపాల్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అదీ నిజమే. ఆమె అందర్నీ ఒకసారి చూసి ఏదో అడిగింది. ఫైనలియర్ అమ్మాయి బదులు చెప్పింది. ఆమె మళ్ళీ అడిగింది. ఈసారి ఆ అమ్మాయి బదులు చెప్పకుండా మా వైపు తిరిగింది.

“ఏమంటోందమ్మా?” అన్నాడు ప్రిన్సిపాల్.

“పిల్లకు జరమొచ్చిందని ఎవరికన్న చెప్పినవా అంది. చెప్పిన అన్న. మరి వాళ్ళు ఇన్నరా అని అడుగుతుంది.”

చివరికి నేనే అన్నాను, “వినలేదని చెప్పు.” ఆ అమ్మాయి చెప్పింది. ఆమె మమ్మల్ని తిట్టలేదు. పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుంది. ఆమె వెనకే వాళ్ళ ఊరి ఆడపిల్లలందరూ తమ తమ పెట్టెలు, చాపలు పట్టుకుని బయటికి నడిచారు. ఎవరు రమ్మన్నారో, ఎప్పుడు అనుకున్నారో నాకు తెలియదు. ఫైనలియర్ అమ్మాయి ఒక్కతే ఉండిపోయింది. పరీక్షలు రాసి డిగ్రీ తెచ్చుకొమ్మని వాళ్ళయ్య కబురు పంపాడట.

విచారణకు పైనుంచి ఒక అధికారి వచ్చాడు. సరైన పద్ధతిలో ఫిర్యాదు అందలేదని ప్రిన్సిపాల్ రాసిచ్చాడు. మెయిల్ ఏ రోజు తెరిచారని, దాన్ని ప్రింటు తీసిన కంప్యూటర్ కుర్రాణ్ణి అడిగితే గుర్తులేదన్నాడు. బయటికొచ్చాక, “మేడం, కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, మా ఇంట్ల పరిస్థితి మీకు ఎరుకే గదా,” అని తల దించుకున్నాడు. నేను మాత్రం నాకు తెలిసిందంతా, సోమవారం నుంచి, ఒక్కటీ వదలకుండా చెప్పి సంతకం పెట్టాను. అధికారి శ్రద్ధగా విన్నాడు. కొన్నాళ్ళకు వార్డెన్‌ను సస్పెండ్ చేశారు. ఇంకొన్నాళ్ళకు మళ్ళీ తీసుకున్నారు. ప్రిన్సిపాల్‌కు తర్వాత ప్రమోషన్ మీద మంచి చోటికే బదిలీ అయింది. ఆ ఏడాది చివర నన్ను ఇల్లందు పంపారు. అక్కడికి బస్సు సౌకర్యం బాగుంటుంది, మేడం ఆరోగ్యం దృష్ట్యా, అని ఆర్డర్ ఇప్పించిన వాళ్ళు దయగా చెప్పారు.

కాలేజీలో జరిగిన మార్పు ఒక్కటే. ల్యాబ్ గోడ మీద ఒక నమూనా మెయిల్ అంటించారు. గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, తమ విధేయ విద్యార్థి నమస్కరించి వ్రాయునది. పిల్లలు దాన్ని చూసి అక్షరం పొల్లుపోకుండా దింపేవాళ్ళు. నేనున్న ఆ కొద్ది నెలల్లో వచ్చిన మెయిళ్ళన్నీ మర్యాదగా ఉన్నాయి. తమ దయవల్ల హాస్టల్లో అందరం క్షేమం. తమ దయవల్ల నీళ్ళు బాగున్నాయి. హాస్టల్లో నీళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

ఇక ఆ అమ్మాయి సంగతి. కమిటీ మూసేశారని అనుకున్నాం. కానీ పరీక్షల ముందు ప్రిన్సిపాల్ ఆమెను పిలిపించి, క్షమాపణ రాసిస్తేనే హాల్ టికెట్ అన్నాడు. నేను వెళ్ళి గొడవ పడ్డాను. “ఆ పిల్ల చనిపోయినందుకు మీకెంత బాధో నాకూ అంతే బాధ మేడం. కానీ అది వేరు, ఇది వేరు. ఇది వదిలేస్తే మిగతావాళ్ళకు ఏం చెప్పినట్టు?” అన్నాడు. పైవాళ్ళకు రాస్తానన్నాను. రాయమన్నాడు. ఈలోగా పరీక్ష ముంచుకొచ్చింది.

ఆ సాయంత్రం ఆ అమ్మాయే ఖాళీ క్లాసుగదికి తెల్లకాగితం పట్టుకుని వచ్చింది. “మేడం, కొట్లాడకు. నేను రాసిస్త. డిగ్రీ లేకుండ ఇంటికి పోతె మా ఊళ్ళె ఇంకే పిల్లను పంపరు. తప్పులు లేకుండ నువ్వు చెప్పు.”

నేను చెప్పాను. ఆ పిల్ల రాసింది. తమరిని ఏకవచనంలో సంబోధించినందుకు చింతిస్తున్నాను. సంబోధించినందుకు అన్నచోట ధ వత్తు మర్చిపోతే దిద్దాను. ఇకముందు ఇటువంటి పొరపాటు జరగదని విన్నవించుకుంటున్నాను. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను, అంత అసహ్యమైన డిక్టేషన్ ఇంకెప్పుడూ చెప్పలేదు.

రాస్తూ రాస్తూ ఆగింది. “మేడం, దాని సంగతి యాడ రాయాలె?”

“ఏ సంగతి?”

“సచ్చిపోయిన పిల్ల సంగతి.”

“అది ఇందులో రాయక్కర్లేదు,” అన్నాను.

“రాయకపోతె నేను ఆ మెయిల్ ఎందుకు పంపిన్నో ఎట్ల తెలుస్తది?”

కిటికీ బయట అటెండరు తాళాలు పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ పిల్ల తల వంచుకుని, తమ విధేయ విద్యార్థిని అని రాసి, కింద సంతకం పెట్టింది.

ఇద్దరం కలిసి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాం. ఆ అమ్మాయి గుమ్మం బయట చెప్పులు విడిచి, “లోపలికి రావచ్చునా అండీ?” అంది. అంతవరకూ ఆ గొంతు నేను వినలేదు. ఆయన కాగితం అందుకుని నిదానంగా చదివాడు. చదువుతుంటే ఆయన ముఖం మెత్తబడింది. సొరుగు తీసి హాల్ టికెట్ చేతికిచ్చాడు.

“బాగా చదివి రాయమ్మా.”

“మీ దయ సార్,” అంది ఆ పిల్ల. వెనక్కి తిరగకుండా అలాగే నాలుగడుగులు వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని నాకు చూపించాడు. సంబోధనలు, విరామచిహ్నాలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

“చూశారా మేడం,” అన్నాడు సంతోషంగా. “నేర్పితే ఎందుకు రాదు?”